పేరే తిట్టయితే...

సినిమా పేరు మీద శాసనసభలో అభ్యంతరాలు లేచిన సంగతి మన ప్రాంతంలో నడివయసు దాటినవారికి గుర్తుండే ఉంటుంది. 1991లో మోహన్‌బాబు కథానాయకుడిగా, బి. గోపాల్ దర్శకత్వంలో 'అసెంబ్లీ రౌడీ' విడుదలైంది. ఆయన మన చిత్తూరు జిల్లా మనిషి కావడంతో ఇక్కడివారు ఆ గొడవ గురించి మరింత ఆసక్తిగా మాట్లాడుకున్నారు. అసెంబ్లీ అనే గౌరవమైన మాట పక్కన రౌడీ అనే మాట ఏమిటని కొందరు సభ్యులు కోపగించుకున్నారు. సినిమా ఆగలేదు, పేరూ మారలేదు.

ఆ గొడవలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ సభ్యులను బాధపెట్టింది రౌడీ అనే మాట కాదు, అది వచ్చి తమ సభ పక్కన కూర్చోవడం. అంతకు రెండేళ్ల ముందు 1989లో వచ్చిన 'స్టేట్ రౌడీ'ని, అదే 1991లో వచ్చిన 'రౌడీ అల్లుడు'ను తెలుగువాళ్లు హాయిగా చూశారు. రౌడీ అల్లుడైతే ఫరవాలేదు, అసెంబ్లీ మెట్లెక్కితేనే కోపం! మనల్ని అననంతవరకూ ఎవరిని ఏమన్నా మనకు పట్టదన్నమాట. ప్రియ పాఠకులారా, సినిమాలకు తిట్లు పేర్లుగా పెట్టడం తగునా అనే ప్రశ్నను ఇక్కడినుంచే మొదలుపెడదాం.

గోడ మీది మాట

రౌడీ తర్వాత ఇంకా చాలా మాటలొచ్చాయి. 2002లో 'ఇడియట్', 2006లో 'పోకిరి', 2007లో 'దేశముదురు', 2015లో 'లోఫర్' వచ్చాయి. ఈ నాలుగింటికీ దర్శకుడు పూరి జగన్నాథే. హిందీలో 2009లో 'కమీనే' వచ్చింది. ఇవి కాక రెండర్థాలతో నడిచే పేర్లు మరికొన్ని ఉన్నాయి. వాటిని ఈ పేజీలో రాయలేను. ఇంటిల్లిపాదీ చదివే పేజీలో రాయలేని పేరును ఇంటిల్లిపాదీ నడిచే వీధిలో నిలువెత్తు అక్షరాలతో అంటించడమేమిటన్నది ఆలోచించవలసిన విషయమే.

సినిమాలోని మాటకూ సినిమా పేరుకూ తేడా ఉంది. సినిమాలో దొర్లిన తిట్టు టికెట్ కొన్నవాడి చెవిలోనే పడుతుంది. పేరు అలా కాదు. దానికి టికెట్ అక్కర్లేదు. బడికి పోయే పిల్ల, గుడికి పోయే అవ్వ, చర్చికి పోయే కుటుంబం అందరూ దాన్ని చదవాల్సిందే. తిరుపతిలో లీలామహల్ అనే సినిమా హాలు పేరు ఏకంగా ఒక కూడలికే పేరైపోయింది. సినిమా మన వీధుల్లోకి ఎంతగా వచ్చేసిందో చెప్పడానికి అది చాలు. అలాంటి ఊళ్లో గోడమీద ఏ మాట ఉంటే ఆ మాట జనం నోట్లోకి రావడానికి ఎంతో సేపు పట్టదు. 'ఏం సినిమాకు పోయినావురా?' అని తాత అడిగితే, 'ఇడియట్' అని మనవడు జవాబిస్తాడు. తిట్టాడో, జవాబిచ్చాడో తెలియక ఆయన తికమకపడతాడు. అందరూ నవ్వుతారు. నవ్విన ప్రతిసారీ ఆ మాటకున్న ముల్లు కొంచెం అరిగిపోతుంది. చివరికి అది తిట్టన్న సంగతే మరచిపోతాం. అయితే మరచిపోయేది అన్నవాడే. అనిపించుకున్నవాడు మరచిపోడు.

నిర్మాతలు చెప్పుకునే సమాధానాలు లేకపోలేదు. 'మా కథానాయకుడు అలాంటివాడు, అందుకే ఆ పేరు' అంటారు. 'కుర్రకారు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటున్నారు, మేము కొత్తగా నేర్పిందేముంది?' అంటారు. 'ప్రేమతో కూడా తిడతారు కదండీ' అంటారు. వీటిని ఒట్టి సాకులని కొట్టిపారేయడం న్యాయం కాదు. మూడో మాటలో నిజం కూడా ఉంది. పుట్టిన బిడ్డలు పుట్టినట్టే పోతుంటే, మిగిలిన ఒక్క బిడ్డకు దిష్టి తగలకూడదని మన పల్లెల్లో తల్లులు పెంటయ్య అనీ, పిచ్చయ్య అనీ పేర్లు పెట్టుకున్నారు. ఆ పేరు వినడానికి ఎలా ఉన్నా దాని వెనుక ఉన్నది ఒక తల్లి కన్నీరు. కాబట్టి మాట ఒక్కటే చూసి తీర్పు తీర్చలేం. ఎవరు, ఎవరిని, ఎందుకు అన్నారో చూడాలి.

'ఇడియట్' అంటే ఎవరు?

ఈ మాటకు గ్రీకు భాషలో 'ఇడియోటెస్' అనేది మూలం. మొదట అది తిట్టే కాదు. ఏ పదవీ లేని మామూలు మనిషి, ప్రత్యేకమైన చదువూ శిక్షణా లేని సామాన్యుడు అని దాని అర్థం. కొత్త నిబంధనను మొదట రాసింది గ్రీకులోనే కాబట్టి ఈ మాట అందులోనూ ఉంది. ఎక్కడో తెలిస్తే ఆశ్చర్యపోతారు. శృంగారమనే దేవాలయపు ద్వారం దగ్గర కుంటివాడు బాగుపడ్డ తర్వాత పేతురు, యోహానులను మహాసభ ముందు నిలబెట్టారు. వాళ్ల ధైర్యం చూసి పెద్దలు విస్తుపోయారు. చదువులేని పామరులు ఇంత నిబ్బరంగా ఎలా మాట్లాడుతున్నారని ఆశ్చర్యపోయారు (అపొస్తలుల కార్యములు 4:13). అక్కడ మన తెలుగు బైబిలులో 'పామరులు' అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది ఈ 'ఇడియోటెస్' అనే మాటే! పౌలు కూడా మాటకారితనంలో తాను అలాంటివాడినేనని ఒప్పుకున్నాడు (2 కొరింథీయులకు 11:6).

చదువుకున్నవారు చదువులేనివారిని చూసే చూపులోనుంచి ఈ మాట క్రమంగా తిట్టుగా మారింది. మామూలువాడు కాస్తా తెలివిలేనివాడయ్యాడు. తెలివిలేనివాడు కాస్తా అసలు మనిషే కాదన్నంత దూరం పోయింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో వైద్యులు బుద్ధి ఎదగని బిడ్డలను వర్గాలుగా విభజించి, అన్నిటికంటే కింది వర్గానికి ఇదే పేరు పెట్టారు. మన దేశంలోనూ 1912 నాటి ఇండియన్ లూనసీ చట్టంలో ఈ మాట ఉంది. 1987లో మానసిక ఆరోగ్య చట్టం వచ్చేదాకా అది చట్టంలో భాగంగానే కొనసాగింది. అంటే మనం నవ్వుతూ గోడకు అంటించిన ఈ మాటను అంతకుముందు ఎందరో అమాయకుల నుదుటిమీద చట్టమే అంటించిందన్నమాట.

మన సంఘాల్లో బుద్ధిమాంద్యం గల బిడ్డలను కంటికి రెప్పలా సాకుతున్న తల్లులున్నారు. పదేళ్ల పిల్లవాడికి ఇంకా అన్నం కలిపి పెట్టి, మూతి తుడిచి, ఆదివారం చంకన వేసుకుని ఆరాధనకు వచ్చే తల్లులున్నారు. బస్సెక్కితే ఎవరో ఒకరు ఆ బిడ్డను చూసి ఈ మాట అననే అంటారు. ఆమె ఆ గోడను చూసినప్పుడు అది సినిమా పేరుగా కనబడుతుందా? మనకు వినోదంగా వినబడిన మాట ఆమె చెవికి ఎలా తాకుతుందో ఒక్కసారి ఆమె పక్కన నిలబడి వినాలి. పొరుగువాణ్ణి ప్రేమించడమంటే అతని చెవితో వినడం కూడా.

లోకం ఈ సంగతిని ఆలస్యంగానైనా గుర్తించింది. 2016లో వచ్చిన వికలాంగుల హక్కుల చట్టం, వికలాంగులను నలుగురిలో కావాలని అవమానించడాన్ని శిక్షార్హమైన నేరంగా చెప్పింది. 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక హిందీ సినిమా మీద వచ్చిన కేసులో తీర్పు చెబుతూ, వికలాంగులను కించపరిచే మాటలు సమాజంలో వారిపట్ల ఉన్న వివక్షను పెంచుతాయని హెచ్చరించి, సినిమావాళ్లు పాటించవలసిన పద్ధతులు కొన్ని సూచించింది.

యేసుప్రభువు ఈ మాట రెండువేల ఏళ్ల కిందటే చెప్పాడు. కొండమీది ప్రసంగంలో నరహత్య గురించి మాట్లాడుతూ ఆయన ఒక్కసారిగా తిట్టు దగ్గరకు వస్తాడు (మత్తయి 5:22). తెలుగు బైబిలులో 'వ్యర్థుడా' అని ఉన్నచోట గ్రీకు ప్రతిలో 'రకా' అనే అరామిక్ మాటే ఉంది. ఖాళీ బుర్రవాడా అని దాని అర్థం. దాని తర్వాత తెలుగులో 'ద్రోహీ' అని ఉన్నచోట గ్రీకులో ఉన్నది 'మోరె'. బుద్ధిహీనుడా అని దాని అర్థం. ఇంగ్లీషువాళ్ల 'మోరాన్' అనే తిట్టు పుట్టింది ఆ వేరులోనుంచే. హత్యనూ తిట్టునూ ప్రభువు ఒకే వరుసలో ఎందుకు చేర్చాడు? మనిషిని చంపేముందు అతడు మనిషి కాడని మనసులో ఒప్పుకోవాలి కాబట్టి. ఆ ఒప్పుకోలుకు మొదటి మెట్టు తిట్టే. కత్తి తర్వాత వస్తుంది.

బైబిలులో పరుషమైన మాటలు లేవా?

ఇక్కడ చదువుకున్న యువకులు ఒక ప్రశ్న వేస్తారు. వేయవలసిన ప్రశ్నే. 'అయ్యగారూ, బైబిలులో మాత్రం గట్టి మాటలు లేవా?' అని. ఉన్నాయి. దాచిపెట్టి లాభం లేదు. యేసుప్రభువు హేరోదును నక్క అన్నాడు (లూకా 13:32). శాస్త్రులనూ పరిసయ్యులనూ సర్పసంతానమన్నాడు (మత్తయి 23:33). ఏ మాట అనవద్దన్నాడో ఆ మాటకు సంబంధించిన పదాన్నే వారిమీద వాడాడు (మత్తయి 23:17). పౌలు గలతీయులను అవివేకులన్నాడు. మరోచోట తాను సంపాదించుకున్న ఘనతలన్నిటినీ పెంటతో పోల్చాడు (ఫిలిప్పీయులకు 3:8). గ్రీకులో అది చాలా మొరటు మాట. మన తెలుగు అనువాదకులు కూడా దాన్ని మెత్తబరచలేదు. మన రాయలసీమలో తిరిగిన వేమన కూడా మెత్తగా మాట్లాడినవాడు కాదు.

మరి తేడా ఎక్కడుంది? పౌలు పెంట అన్నది మరో మనిషిని కాదు. తన డాబునూ, తన వంశాన్నీ, తన గర్వాన్నీ. ప్రభువు గద్దించింది కుంటివాళ్లనూ, సుంకరులనూ, వ్యభిచారంలో పట్టుబడిన స్త్రీనీ కాదు. అధికార పీఠం మీద కూర్చుని బీదల భుజాలమీద బరువులు మోపినవాళ్లను. అదీ వాళ్ల ముఖం ముందే. ఆ మాటలన్నీ అయ్యాక అదే అధ్యాయం చివర యెరూషలేమును తలచుకుని, కోడి తన పిల్లలను రెక్కల కింద చేర్చుకున్నట్టు చేర్చుకోవాలని ఎంత ఆశపడ్డానో అని ఆయన వాపోయాడు. గద్దింపు వెనుక దుఃఖముంది. దారి మళ్లించాలనే ఆశ ఉంది. అలా తమకంటే బలవంతుణ్ణి ముఖం ముందు, కన్నీటితో గద్దించగలిగినవాడెవరైనా ఉంటే పరుషమైన మాట వాడుకోమనండి. టికెట్లు అమ్ముకోవడానికి వాడుకున్న తిట్టులో ఆ దుఃఖమేదీ? ఆ ఆశ ఏదీ?

పౌలు ఎఫెసీయులకు రాసిన పత్రికలో చెడ్డమాట గురించి రెండు పదాలు వాడాడు. 4వ అధ్యాయం 29వ వచనంలోని పదానికి అసలు అర్థం కుళ్లినది అని. వలలో పడ్డ చేపల్లో పనికిరానివాటిని పారవేసిన ఉపమానంలోనూ మత్తయి ఇదే పదం వాడాడు. మదనపల్లె టమోటా మార్కెట్టు చూసినవారికి దీన్ని వివరించనక్కర్లేదు. పెట్టెలో ఒక్క కాయ కుళ్లితే పక్కనున్న కాయలూ పాడవుతాయి. పై వరసలో ఎర్రగా నిగనిగలాడే కాయలు పేర్చి కింద కుళ్లును దాచిన పెట్టెను అనుభవమున్న వ్యాపారి ఇట్టే కనిపెడతాడు. మాట విషయంలో మనకు ఆపాటి జాగ్రత్త కూడా లేకపోతే ఎలా?

5వ అధ్యాయం 4వ వచనంలో వాడిన పదం ఇంకా ఆసక్తికరమైనది. తెలుగులో 'సరసోక్తులు' అని ఉంది. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఇదే పదాన్ని సద్గుణాల జాబితాలో చేర్చాడు. చమత్కారంగా మాట్లాడే నేర్పు అని ఆయన అర్థం. అదే పదాన్ని పౌలు విశ్వాసికి తగని వాటిలో చేర్చాడు. చమత్కారం చెడ్డదని కాదు. పైకి ఒక అర్థం, లోపల ఇంకో అర్థం పెట్టి, 'నేనేమీ అనలేదే, మీరే అలా అనుకున్నారు' అని చేతులు దులుపుకునే తెలివిని ఆయన ఎరుగును. రెండర్థాల సినిమా పేర్లకు పౌలు ఎప్పుడో జవాబు చెప్పేశాడు. వాటి బదులు కృతజ్ఞతా వచనం ఉచితమని కూడా చెప్పాడు. నోటిని ఊరికే మూసుకోమనలేదు, దానికి వేరే పని ఇచ్చాడు.

ఒకే కథ, రెండు పేర్లు

'కథ అలాంటిది కాబట్టే ఆ పేరు' అనే వాదనకు సినిమాలే జవాబు చెబుతున్నాయి. 'ఇడియట్' కథ అంతకుముందు అదే 2002లో కన్నడంలో వచ్చింది. దానికీ దర్శకుడు పూరి జగన్నాథే. పునీత్ రాజ్‌కుమార్ కథానాయకుడిగా పరిచయమైన ఆ సినిమా పేరు 'అప్పు'. అది పునీత్‌ను ఇంట్లో పిలుచుకునే ముద్దుపేరు. 2003లో తమిళంలో అదే కథ 'దమ్' అయింది. కథ ఒకటే. ఒకచోట ఇంటివాళ్లు ముద్దుగా పిలుచుకునే పేరు, మనదగ్గర తిట్టు. కన్నడంలో ఆ ముద్దుపేరుతోనే ఆ సినిమా ఘనంగా ఆడింది. మన కథానాయకుడికీ చంటి అనే ముద్దొచ్చే పేరుంది! ఆ పేరుతో ఆ సినిమా ఆడేది కాదని ఎవరనగలరు?

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఉంది. 2009లో హిందీలో '3 ఇడియట్స్' వచ్చింది. చదువు పేరుతో పిల్లలమీద మోపుతున్న భారం గురించి ఆలోచింపజేసిన మంచి కథ. ఆ పేరులో వ్యంగ్యముంది. లోకం మందబుద్ధులన్నవాళ్లే అసలు తెలివైనవాళ్లని చెప్పడం ఆ సినిమా ఉద్దేశం. పేతురు, యోహానుల కథకు అది అంత దూరమైనదేమీ కాదు. కాబట్టి ఆ మాట ఉన్నంతమాత్రాన ఆ సినిమాను తప్పుపట్టలేం. అయితే అదే కథను దర్శకుడు శంకర్ 2012లో తమిళంలో తీసినప్పుడు 'నన్బన్' అని పేరు పెట్టాడు. తెలుగులోకి అది 'స్నేహితుడు' అనే పేరుతో వచ్చింది. తిట్టు ఉన్నచోట స్నేహితుడు అనే మాట చక్కగా ఇమిడింది. కథలో ఏదీ తక్కువ కాలేదు.

కాబట్టి తిట్టును పేరుగా పెట్టడం కథకు తప్పనిసరి అవసరం కాదు. అది ఎంపిక. ఎంపిక కాబట్టే దాన్ని మంచిదనో చెడ్డదనో అడిగే హక్కు మనకుంది. చిత్తూరులో నాటకాలాడి ఆ ఊరి పేరునే తన పేరులో కలుపుకున్న చిత్తూరు నాగయ్య 'భక్త పోతన', 'త్యాగయ్య', 'యోగి వేమన' సినిమాలతో జనం గుండెల్లో నిలిచాడు. ఆ రోజుల్లో అన్నీ భక్తి పేర్లేనని చెప్పను. 1955లో 'దొంగ రాముడు' కూడా వచ్చింది. కానీ అందులో దొంగ అనేది కథానాయకుడు మోసిన మచ్చ. ఇప్పుడు అలాంటి మాటే పతకంలా వేలాడదీస్తున్నారు. మచ్చ పతకంగా మారడమే అసలైన మార్పు.

నిషేధించమందామా?

'అయితే అయ్యగారూ, ఇలాంటి పేర్లను నిషేధించమని ఊరేగింపు తీద్దామా?' అని కొందరడుగుతారు. చట్టం ఏమంటుందో ముందు చూద్దాం. 1991 డిసెంబరు 6న కేంద్ర ప్రభుత్వం సెన్సారు బోర్డుకు ఇచ్చిన మార్గదర్శకాల్లో సినిమా పేర్ల గురించి ప్రత్యేకంగా చెప్పారు. పేర్లు రెచ్చగొట్టేవిగా, అసభ్యంగా, కించపరిచేవిగా ఉండకుండా బోర్డు జాగ్రత్తగా పరిశీలించాలని ఆ ఆదేశం. నియమం ఉంది. అయినా 'ఇడియట్', 'పోకిరి', 'లోఫర్' లాంటి పేర్లు దాన్ని దాటుకుని వచ్చినవే.

అయితే గట్టిగా అరిచినవాళ్లకు మాత్రం పేర్లు మారాయి. 2019 సెప్టెంబరులో 'వాల్మీకి' అనే సినిమా పేరుమీద బోయ వాల్మీకి సోదరులు అభ్యంతరం చెప్పారు. విడుదలకు ముందురోజు అది 'గద్దలకొండ గణేష్' అయింది. అదే ఏడాది రామ్‌గోపాల్ వర్మ సినిమా 'కమ్మ రాజ్యంలో కడప రెడ్లు' కాస్తా 'అమ్మ రాజ్యంలో కడప బిడ్డలు' అయింది. 2006లో 'ద డావిన్సీ కోడ్' సినిమా విషయంలో మన క్రైస్తవులూ వీధికెక్కారు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని నిషేధించింది. కొద్ది రోజులకే హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది.

ఈ మూడు ఉదాహరణల్లోనూ ఒక పోలిక కనబడుతుంది. మన కులం పేరు, మన మతం పేరు వస్తే లేచాం. సరే, నొప్పి కలిగినవాడు అరవడం సహజం. కానీ అదే 2006లో 'పోకిరి' అనే మాటను మన సంఘాల పిల్లలు కూడా గొప్పగా చెప్పుకుని తిరిగారు. దాన్ని గురించి మన వేదికలమీద ఎంత చర్చ జరిగింది? ఎవరి సొత్తూ కాని తిట్టుమీద ఎవరికీ కోపం రాదు. బుద్ధిమాంద్యం గల బిడ్డకు సంఘబలం లేదు, ఓటు బలం లేదు, ఊరేగింపు తీసే బలం లేదు. నోరులేనివారి పక్షంగా నోరు తెరవమని సామెతల గ్రంథం (31:8) చెబుతున్నది ఇలాంటి చోటనే.

నోరు తెరవడమంటే పోస్టర్లు చించడం, హాళ్లముందు బైఠాయించడం కాదు. బలవంతంగా నోరు మూయించిన చోట మనసు మారదు. పైగా ఆ సినిమాకే ప్రచారం దొరుకుతుంది. మర్యాదగా ఒక ఉత్తరం నిర్మాతకు, ఒక ఉత్తరం సెన్సారు బోర్డుకు రాయవచ్చు. 'మా ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంది, ఈ పేరు మమ్మల్ని నొప్పిస్తోంది' అని ఒక తల్లి రాసిన నాలుగు వాక్యాలకు నినాదాలకు లేని బలముంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, మన చేతిలో ఉన్నది మన డబ్బు. పేరు నచ్చని సినిమాకు టికెట్ కొనకపోవడం ఏ కోర్టూ కొట్టివేయలేని తీర్పు.

ముందు మన ఇల్లు

అయితే సినిమావాళ్లకు ఉత్తరం రాసేముందు ఒక్కసారి మన ఇంటి గోడలు వినాలి. మార్కులు తక్కువ తెచ్చిన బిడ్డను మనం ఏమని పిలుస్తున్నాం? పనిమనిషి గిన్నె జారవిడిస్తే ఏమంటున్నాం? బైబిలు సంచి చంకన పెట్టుకుని ఆటోవాడితో బేరమాడేటప్పుడు నోట ఏ మాట వస్తోంది? అదే నాలుకతో తండ్రియైన దేవుణ్ణి స్తుతిస్తూ, అదే నాలుకతో దేవుని పోలికగా పుట్టిన మనుషులను శపించడం తగదని యాకోబు హెచ్చరించాడు (యాకోబు 3:9, 10). ఒకే ఊటనుంచి తీపి నీళ్లూ చేదు నీళ్లూ రావు. తాగునీటి విలువ తెలిసిన సీమవాళ్లం మనం. ఊటను పాడుచేసుకోకూడదని మనకు ఇంకొకరు చెప్పాలా?

మన సంఘాలకు ఈ విషయంలో మరింత బాధ్యత ఉంది. మన తాత ముత్తాతల్లో చాలామందికి ఊళ్లో సరైన పేరు కూడా దక్కలేదు. కులం పేరే తిట్టుగా, తిట్టే పేరుగా బతికారు. ఎంత వయసొచ్చినా, ఎంత పెద్దమనిషైనా పేరు చివర 'గాడు' తప్ప గౌరవం ఎరుగరు. అలాంటివారు బాప్తిస్మం నీళ్లలోనుంచి లేచినప్పుడు దేవదానమయ్యారు, యేసురత్నమయ్యారు, కరుణమ్మ అయ్యారు. మొట్టమొదటిసారి ఒక మనిషి నోట తమ పేరు గౌరవంగా విన్నారు. పేరంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? కులం పేరుతో దూషించడం నేరమని 1989లో చట్టం వచ్చింది. మన సంఘాల్లో ఆ పేరు మార్పు అంతకు ఎన్నో ఏళ్ల ముందే మొదలైంది. ఆ చరిత్ర ఉన్నవాళ్లం మనమే మరొకరిని తక్కువ చేసే మాటకు నవ్వితే, మన పెద్దలకు దొరికిన గౌరవాన్ని మనమే పారేసుకున్నట్టు.

సిలువమీది పేరు

బైబిలులో కూడా ఒక పేరుమీద గొడవ జరిగింది. పిలాతు ఒక పలకమీద రాయించి యేసుప్రభువు సిలువకు పైన పెట్టించాడు. తెలుగులో దాన్ని 'పైవిలాసము' అన్నారు. గ్రీకులో ఉన్న మాట 'టిట్లోస్'. మనం ఈరోజు టైటిల్ అనే మాటకూ దానికీ మూలం ఒకటే. నజరేయుడైన యేసు యూదుల రాజు అని మూడు భాషల్లో అందరికీ అర్థమయ్యేలా రాయించాడు. ఊరి దగ్గరే, దారినపోయేవారంతా చదివేలా పెట్టించాడు. చేతులకు మేకులు కొట్టిన మనిషిని రాజు అనడం ఎగతాళి. ప్రధాన యాజకులు పేరు మార్చమని అడిగారు. తాను రాసిందేదో రాశానని పిలాతు వినలేదు (యోహాను 19:19-22).

ఎగతాళి పేరు కింద మూడు గంటల చీకటిలో వేలాడినవాడు మన ప్రభువు. అవమానపు మాట ఎంత బరువుంటుందో ఆయనకు తెలుసు. ఆ బరువు మోస్తూ కూడా ఆయన నోట తిట్టు రాలేదు. దూషించినవారిని తిరిగి దూషించలేదని పేతురు సాక్ష్యమిచ్చాడు (1 పేతురు 2:23). తనను రాజు అని ఎగతాళి చేసిన లోకానికి ఆయన ఇచ్చిన జవాబు, తండ్రీ వీరిని క్షమించమనే ప్రార్థన. లోకం ఎగతాళిగా రాసిన ఆ పేరే చివరికి నిజమైంది.

ఆ ముందురాత్రే ఆయన తన శిష్యులకు కూడా ఒక పేరు పెట్టాడు. మహాసభ పామరులనబోయే ఆ చేపలవాళ్లను, కొన్ని గంటల్లో తనను విడిచి పారిపోబోయే ఆ పిరికివాళ్లను, ఇకమీదట దాసులని పిలవనని చెప్పాడు. స్నేహితులని పిలిచాడు (యోహాను 15:15). తిట్టదగినవాళ్లు ఎవరైనా ఉంటే ఆ రాత్రి వాళ్లే. అయినా ఆయన ఎంచుకున్న మాట అది.

ఒక డబ్బింగ్ సినిమా మారిస్తే మారిన మాట, మన ఇంట్లో మారదా? ఈ వారం మన నోట తిట్టు రాబోయిన ప్రతిసారీ దాని స్థానంలో ఆ మనిషి అసలు పేరు పెట్టి పిలుద్దాం. బిడ్డనైనా, పనివారినైనా, దారిలో అడ్డొచ్చిన ఆటో అన్ననైనా. గోడమీది అక్షరాలు మన చేతిలో లేకపోవచ్చు, నాలుకమీది అక్షరాలు మన చేతిలోనే ఉన్నాయి. మన నోటికి కావలి ఉంచమని దావీదు చేసిన ప్రార్థన (కీర్తనలు 141:3) మనదీ అవుగాక. ఆమేన్.